తక్కువ తిరిగిన స్విఫ్ట్: అనంతపురం షెడ్డు నుంచి కేఆర్ పురం ఆర్టీవో దాకా

2025 ఆగస్టు మొదటి వారం, అనంతపురం

బండి 2013 మోడల్ స్విఫ్ట్ వీఎక్స్ఐ, పెట్రోలు. ఏపీ 02 నంబరు. మీటరు మీద 38 వేల చిల్లర కిలోమీటర్లు. మామయ్యకు కంటి ఆపరేషన్ అయ్యాక ముందు రాత్రిపూట నడపడం మానేశారు, ఆనక పగలూ మానేశారు. అప్పట్నించీ బండి షెడ్డులోనే. "ఊరికే పడుండాది, నువ్వన్నా తీస్కపో నాయనా" అన్నారు. బెంగళూరులో మాకు కారు లేదు. పండక్కీ పబ్బానికీ బస్సు టికెట్ల కోసం కొట్టుకోవడం తప్పుతుందని మా ఆవిడ ముందే నిర్ణయం చేసేసింది.

చూసినవాళ్లందరిదీ ఒకటే మాట: "నలబై వేలు గూడా తిరగలేదంటే కొత్త బండి కిందే లెక్క." ఈ మాటతో నాకు పేచీ ఉంది. కారులో తిరిగితే అరిగేవి కొన్ని, తిరగకపోయినా ముసలివయ్యేవి కొన్ని. క్లచ్ ప్లేటు, బ్రేకు ప్యాడ్లు, గేరుబాక్సు మొదటి జాతి. టైర్లు, హోసులు, బుష్‌లు, బెల్టు, బ్రేక్ ఆయిల్, ఇంజినును చల్లబరిచే కూలెంట్, బ్యాటరీ రెండో జాతి. ఈ బండిలో మొదటి జాతి సామాను నిజంగానే కొత్తదిలా ఉంటుంది. రెండో జాతికి మాత్రం పన్నెండేళ్లు నిండాయి. మారుతి వాళ్లిచ్చే పుస్తకంలో సర్వీసు పట్టిక తీసి చూడండి, ప్రతి వరసలోనూ ఇన్ని కిలోమీటర్లు లేదా ఇన్ని నెలలు, ఏది ముందొస్తే అది అనే ఉంటుంది. ఆ 'నెలలు' అన్న మాట మనవాళ్లెవరూ చదవరు. అందుకని ఈ ప్రాజెక్టులో మీటరు చూడకుండా తేదీలు చూస్తూ పని చేయాలని అనుకున్నా.

మొదట బానెట్ ఎత్తి ఎయిర్ ఫిల్టర్ డబ్బా క్లిప్పులు తీశాను. లోపల పిడికెడు వేరుశనగ పొట్టు. అనంతపురంలో ఎలుకకు ఇంకేం దొరుకుతుంది! ఫిల్టరు కాగితం ఒక మూల కొరికి గూడు కట్టుకుంది, దాని మీద ఇంత దూది. పొట్టంతా చేత్తో తీసి, డబ్బా తుడిచి, కొత్త ఫిల్టరు పెట్టేదాకా సెల్ఫ్ కొట్టనివ్వలేదు. వైర్లు అన్నీ వేలితో తడిమి చూశాను. ఒక్క చోట మాత్రం పైతొడుగు నమిలింది, రాగి బయటపడలేదు. టేపు చుట్టాను.

పక్కింటి అబ్బాయి నెలకోసారి వచ్చి స్టార్ట్ చేసి ఐదు నిమిషాలు ఉంచి ఆపేవాడట. మంచి మనసుతోనే చేశాడు, కానీ దానివల్ల మేలుకన్నా కీడే ఎక్కువ. సెల్ఫ్ కొట్టడానికి బ్యాటరీ ఖర్చు చేసింది ఆ ఐదు నిమిషాల ఐడ్లింగులో సరిగ్గా తిరిగి రాదు. సైలెన్సరులో చేరిన నీటి ఆవిరి బయటికి పోయేంత వేడి ఎక్కదు, లోపలే ఉండి తుప్పు పట్టిస్తుంది. బండిని నిలబెట్టక తప్పకపోతే వారానికోసారి అరగంట రోడ్డు మీద తిప్పాలి. అది కుదరదంటే బ్యాటరీ నెగెటివ్ తీగ పీకేసి వదిలేయడమే నయం. ఈ బ్యాటరీకి ఎలాగూ ఆయుష్షు తీరింది. మల్టీమీటరు పెడితే 11 వోల్టులు చూపిస్తోంది. ఇంజిన్ ఆపున్నప్పుడు 12.6 ఉంటే నిండుగా ఉన్నట్టు, 12.2 అంటే సగమే. కొత్తది వేశాక ఇంజిన్ ఆన్‌లో 14.1 చూపించింది, అంటే ఆల్టర్నేటరు బాగానే ఉంది.

అదే వారం, టైర్లూ బ్రేకులూ

టైరు చూసి మామయ్య "ముల్లు ముల్లుగా ఉండాది, దీనికేమైంది?" అన్నారు. నిజమే, గాడి లోతు బోలెడుంది. గాడుల మధ్య 1.6 మిల్లీమీటర్ల ఎత్తున చిన్న దిమ్మెలుంటాయి, టైరు వాటి దాకా అరిగితే పని అయిపోయినట్టు. ఈ టైర్లు ఆ దరిదాపుల్లోకి కూడా రాలేదు. కానీ పక్కగోడ మీద డాట్ అని మొదలయ్యే వరస చివర అండాకారంలో నాలుగు అంకెలుంటాయి. ఫోను లైటు వేసి చూపించాను: 1113. అంటే 2013లో పదకొండో వారం తయారీ. గాలి కొట్టించాక ఆ పక్కగోడనే బొటనవేలితో నొక్కితే వెంట్రుకవాసి పగుళ్లు వరసగా నోరు తెరిచాయి. స్టెప్నీ డిక్కీలోంచి ఒక్కసారి కూడా బయటికి రాలేదు, రబ్బరు మీద కంపెనీ రంగు చారలు ఇంకా ఉన్నాయి. దాని మీదా అదే నంబరు.

"మామా, అరగలేదు గానీ ఎండిపోయింది. నూరు స్పీడులో పగిలేది ఇట్లాంటివే" అన్నాను. ఆయన సగం మనసుతోనే ఒప్పుకున్నారు. సైజు 165/80 ఆర్14. పాత టైర్ల మీద హైవే ఎక్కే ప్రసక్తే లేదు కాబట్టి నాలుగూ అనంతపురంలోనే మార్చేశాను, వాల్వులతో సహా, ఎందుకంటే అవీ రబ్బరే. స్టెప్నీకి కూడా కొత్తదే వేయించాను. కొనేటప్పుడు షాపువాడి ఎదురుగానే కొత్త టైరు మీది అంకెలు చదవండి. ఆర్నెల్ల లోపుది అడిగితే ఇస్తారు, మొహమాటపడితే రెండేళ్ల స్టాకు అంటగడతారు. నైట్రోజన్ ఎక్కించమంటారా అని అడిగాడు. మామూలు గాలిలో 78 శాతం నైట్రోజనే, ఊళ్లో తిరిగే బండికి దాని కోసం డబ్బు పెట్టక్కర్లేదు. ఎంత గాలి పెట్టాలో డ్రైవరు డోరు తీస్తే పిల్లరు మీద స్టిక్కరులో ఉంటుంది. గాలి షాపువాడు కళ్లు మూసుకుని 35 కొట్టేస్తాడు, మనమే చెప్పి పెట్టించుకోవాలి.

బ్రేకుల సంగతి ఇంకొంచెం వివరంగా రాస్తాను, ఎందుకంటే దీన్ని పట్టించుకునేవాళ్లు తక్కువ. బ్రేక్ ఆయిల్ గాల్లో తేమను పీలుస్తుంది. మూత బిగించి ఉన్నా రబ్బరు హోసుల గుండా ఏళ్ల తరబడి తేమ చేరుతూనే ఉంటుంది. డాట్ 3 రకం బ్రేక్ ఆయిల్ కొత్తగా ఉన్నప్పుడు కనీసం 205 డిగ్రీల దాకా మరగకూడదని ప్రమాణం. 3.7 శాతం నీళ్లు చేరాక ఆ హామీ 140కి పడిపోతుంది. డాట్ 4 అయితే 230, 155. ఘాట్ దిగేటప్పుడు పదేపదే తొక్కితే ఆయిల్ మరిగి ఆవిరి బుడగలు కడుతుంది. బుడగలు నొక్కుకుపోతాయి, ఒత్తిడి చక్రం దాకా చేరదు, పెడల్ నేలకు తగులుతుంది. పైగా లోపల చేరిన నీళ్లు సిలిండర్లకు తుప్పు పట్టిస్తాయి. రెండేళ్లకోసారి మార్చుకోమనేది అందుకే. ఈ బండిలో ఆయిల్ కషాయం రంగుకు తిరిగింది.

వీధి చివర మెకానిక్ పెద్దాయన పాత కాలం మనిషి. పని మొదలుపెట్టే ముందు బ్రేకు పెడల్ కింద రెండంగుళాల చెక్కముక్క పెట్టాడు. ఎందుకన్నా అంటే, "ఇన్నేండ్లు పెడలు సగం వరకే పొయ్యింటాది సార్. మాస్టర్ సిలిండర్లో ఆ కింద సగం తుప్పుంటాది. ఇప్పుడు మనం పూర్తిగా తొక్కినామంటే వాషర్లు ఆ తుప్పు మీద గీసుకోని చిరిగిపోతాయి" అన్నాడు. నాకు ఆ ఒక్క ముక్కతోనే మనిషి మీద గురి కుదిరింది. లీటరు కొత్త ఆయిల్, ఒక సన్న గొట్టం, ఒక సీసా. దూరంగా ఉన్న వెనక చక్రంతో మొదలు. నేను లోపల కూర్చుని తొక్కి పట్టుకుంటే ఆయన చక్రం దగ్గర ఆయిల్ బయటికి వదిలే నిపుల్ వదులు చేసి మళ్లీ బిగిస్తాడు, అప్పుడు నేను కాలు వదలాలి. గొట్టంలో టీ రంగు పోయి తేనె రంగు, చివరికి దాదాపు తెల్లగా వచ్చేదాకా అదే పని. ఆయిల్ పెయింటు మీద పడితే రంగు లేచిపోతుంది, పక్కన నీళ్ల మగ్గు పెట్టుకోవాలి.

వెనక డ్రమ్ములు విప్పితే షూలకు మందం బోలెడుంది. కానీ ఎడమ వైపు వీల్ సిలిండరు రబ్బరు టోపీ ఎత్తితే లోపల తడి. లీకు ఇంకా షూ మీదికి రాలేదంతే. రెండు వైపులా సిలిండర్లు మార్చాం. మీటరు చూసేవాడు డ్రమ్ము విప్పడు, విప్పితే తప్ప ఇది కనపడదు.

బండిని వేరే రాష్ట్రానికి మార్చుకోవడానికి పాత ఆర్టీవో ఇచ్చే అనుమతి పత్రం ఎన్ఓసీకి ఆన్‌లైన్లో అప్లై చేసి, ఫారం 28, 29, 30 మీద మామయ్య చేత సంతకాలు పెట్టించాను. బండి మీద పాత చలానాలుంటే ముందు అవి కట్టాలి. ఆయనకు తెలియకుండా ఒకటి ఉండనే ఉంది. మామయ్య అప్పట్లో పెట్టుకున్న డ్రైవరు పుణ్యం.

ఆగస్టు చివర, ఎన్‌హెచ్ 44

తెల్లారుజామున బయల్దేరాం. పెనుకొండ దగ్గర కియా ఫ్యాక్టరీ నుంచి కొత్త కార్లు ట్రెయిలర్లెక్కి వెళ్తుంటే వాటి పక్కన మా ముసలిది 80 స్పీడులో ఇబ్బంది లేకుండా నడిచింది. వెయ్యి రూపాయల లోపు దొరికే బ్లూటూత్ ఓబీడీ డాంగిల్ (బండి కంప్యూటరు అంకెల్ని ఫోనుకు పంపే పరికరం) ఒకటి స్టీరింగు కింద గుచ్చి, ఫోనులో కూలెంట్ వేడి చూస్తూ వచ్చాను. బాగేపల్లి, చిక్కబళ్లాపురం, దేవనహళ్లి దాకా 88, 90 దగ్గర కదల్లేదు. హెబ్బాళ ఫ్లైఓవరు ముందు ఆగామో లేదో అంకె పాకడం మొదలైంది. 96 దగ్గర ఫ్యాను తిరిగింది, అయినా తగ్గలేదు. నాగవార దాటేసరికి 102. టిన్ ఫ్యాక్టరీ జంక్షన్ దగ్గర ఏసీ ఆపేసి అద్దాలు దించాం. మా పాప "నాన్నా, ఇదేనా కొత్త కారు?" అంది.

హైవే మీద ఎదురుగాలే రేడియేటరును చల్లబరుస్తుంది కాబట్టి లోపం దాక్కుంటుంది. బెంగళూరు ట్రాఫిక్కులో దాక్కోలేదు. పాత కారు కొనేవాళ్లు టెస్ట్ డ్రైవు ఖాళీ రోడ్డు మీద చేస్తారు. ఏసీ వేసుకుని ఔటర్ రింగు రోడ్డు మీద సాయంత్రం ఆరింటికి చెయ్యమని నా సలహా.

సెప్టెంబర్ మొదట్లో, బెంగళూరు హూడి

ముందు ఒక సర్వీసు సెంటర్లో ఎస్టిమేటు అడిగాను. మీటరు చూసి 40 వేల సర్వీసు కింద జాబితా కొట్టి ఇచ్చారు: ఇంజిన్ డీకార్బనైజింగ్, ఏసీ డిసిన్‌ఫెక్షన్, అండర్‌బాడీ కోటింగ్, పెయింటుకి టెఫ్లాన్. కూలెంట్ మార్చాలన్న ముక్క అందులో లేదు. వేడెక్కుతోంది అని నేను నోటితో చెప్పినా సరే! కాగితం మడిచి జేబులో పెట్టుకుని వచ్చేశాను.

మా వీధిలో మదనపల్లె మెకానిక్ ఉన్నాడు, తమ్ముడి వయసు. కూలెంట్ దించుతుంటే పచ్చగా రావాల్సింది తుప్పు నీళ్లలా వచ్చింది, అడుగున ఇసకలాంటి పొడి. "అన్నా, ఇదేందో బోరునీళ్లు పోసిండారే" అన్నాడు. ఫోను చేసి అడిగితే మామయ్య ఒప్పుకున్నారు, డ్రైవరు ఎప్పుడు తగ్గితే అప్పుడు కొళాయి నీళ్లు పోసేవాడట. అనంతపురం బోరు నీళ్లు ఎంత ఉప్పగా ఉంటాయో అక్కడి బిందెలు చూస్తే తెలుస్తుంది. బిందె అంచున కట్టే ఆ తెల్లటి పొరే రేడియేటరు సన్నగొట్టాల్లోనూ కడుతుంది. పైగా ఇది అల్యూమినియం ఇంజిను. కూలెంట్‌లో తుప్పును ఆపే మందులుంటాయి, మామూలు నీళ్లు పోసిన ప్రతిసారీ వాటి పాలు తగ్గుతుంది. తగ్గితే కలిపి అమ్మే కూలెంట్ పోయాలి, లేదంటే డిస్టిల్డ్ వాటర్. దారిలో ఆగిపోయి గత్యంతరం లేకపోతే మినరల్ వాటర్ పోయొచ్చు, కానీ ఇంటికి రాగానే మొత్తం మార్చాలి.

అసలు దొంగ ఇంకోచోట దొరికాడు. కారు ముందు నుంచి చూస్తే కనపడేది ఏసీ కండెన్సరు, దాని వెనక వేలెడు సందులో రేడియేటరు. ముందు నుంచి చూస్తే శుభ్రంగానే ఉంది. పై బోల్టులు విప్పి రేడియేటరును ఇంజిన్ వైపు కాస్త వంచి టార్చి వేశాం. ఆ సందులో దుప్పటి పరిచినట్టు వేరుశనగ పొట్టు, ఎండుగడ్డి, చిమటలు. మన ఎలుక సంసారం మొత్తం అక్కడే పెట్టింది. గాలి పోయే దారే లేదు. అందుకే వేడెక్కడం, అందుకే ఏసీ కూడా అరకొరగా రావడం. "గ్యాస్ తక్కువైంది, నింపుదాం" అని ఎవరైనా అంటే ముందు ఈ సందు చూడమనండి.

నీళ్ల పైపు ఇంజిన్ వైపు నుంచి బయటికి కొట్టాలి. ముందు నుంచి కొడితే చెత్త ఇంకా లోపలికి దిగబడుతుంది. ప్రెషర్ వాషరు దగ్గరగా పెడితే రెక్కలు వంగిపోతాయి, తోటకు పట్టే పైపు చాలు. లోపల రెండు సార్లు ఫ్లష్ చేసి, థర్మోస్టాట్, రేడియేటరు మూత, పైనా కిందా హోసులు మార్చాం. పాత మూత రబ్బరు గోటితో గిల్లితే ముక్కలుగా ఊడొచ్చింది. ఆ మూత లోపల ఒత్తిడిని పట్టి ఉంచుతుంది, ఒత్తిడి ఉంటేనే కూలెంట్ వందకు పైన కూడా మరగకుండా ఉంటుంది. చౌక సామాను కదా అని దాన్ని ఎవరూ లెక్క చెయ్యరు.

ఆ సాయంత్రం మళ్లీ టిన్ ఫ్యాక్టరీకే తీసుకెళ్లాం. ఏసీ ఫుల్లు. 96కి ఫ్యాను ఆన్, 91కి ఆఫ్, మళ్లీ ఆన్. కదలని ట్రాఫిక్కును చూసి సంతోషపడ్డ మనిషిని ఆరోజు కేఆర్ పురంలో నేనొక్కణ్నే అయ్యుంటాను.

పెట్రోలు గురించి ఒక మాట

అపార్ట్‌మెంటులో అందరూ అడుగుతున్నది ఇదే: పాత బండిలో ఈ20, అంటే 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు, పొయ్యొచ్చా? పొయ్యకుండా ఎలా, 2025లో బంకుల్లో దొరికేదే అది. రబ్బరు, ప్లాస్టిక్ భాగాలు ఈ20కి తట్టుకునేలా కార్లు చేయడం మొదలైంది 2023 ఏప్రిల్ నుంచి. మనది 2013ది. లీటరు ఇథనాల్‌లో ఉండే శక్తి లీటరు పెట్రోలు కన్నా మూడో వంతు తక్కువ, కాబట్టి అచ్చమైన పెట్రోలుతో పోలిస్తే ఈ20లో ఆరేడు శాతం శక్తి తగ్గుతుంది. మైలేజీ సగం పడిపోయింది అనేవాళ్ల బండికి వేరే జబ్బేదో ఉన్నట్టు. నాకు మైలేజీ కన్నా హోసుల మీదే దిగులు. ట్యాంకు నుంచి ఇంజిన్ దాకా పోయే రబ్బరు హోసులు చూపించి, పగుళ్లున్న ముక్క ఒకటి మార్పించాను, క్లిప్పులతో సహా. ఇంకోటి, ఇథనాల్ కూడా తేమను లాగుతుంది, అందుకే నెలల తరబడి బండిని నిలబెట్టేవాళ్లు ట్యాంకులో పాత పెట్రోలు ఉంచుకోకూడదు. మేం అనంతపురంలోనే పాతది దించి బయల్దేరాం.

సెప్టెంబర్ చివర, జేసీ రోడ్డు

హంపు దిగినప్పుడల్లా ముందు ఎడమ పక్క టక్కుమంటోంది. లోయర్ ఆర్మ్ బుష్‌లు, లింక్ రాడ్లు, స్ట్రట్ మౌంట్లు, అన్నీ రబ్బరు సంబంధమే. జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి తగ్గేది సెప్టెంబర్ 22న అని నెల మొదట్లోనే ప్రకటించారు కాబట్టి ఈ సామానుకి ఆగాను. టైర్లూ బ్రేకులూ అప్పటికే అయిపోయాయి, కాకపోయినా వాటికి ఆగేవాణ్ని కాదు. పన్ను తగ్గుతుందని ప్రాణం మీదికి తెచ్చుకోలేం కదా. టక్కు శబ్దం నాలుగు వారాలు వింటే నష్టం లేదు.

టౌన్‌హాలు నుంచి మినర్వా సర్కిల్ వైపు జేసీ రోడ్డు పొడవునా స్పేరు పార్టుల షాపులే. తెలుగు, కన్నడ, ఉర్దూ, తమిళం ఏదైనా నడుస్తుంది, బేరం మాత్రం ఉదయం పూటే బాగా కుదురుతుంది. పాత పార్టు చేతిలో పట్టుకెళ్లాను, ఫోటో సరిపోదు. ఒకే డబ్బా, ఒకే లోగో, రెండు షాపుల్లో రెండు ధరలు. తక్కువ చెప్పినచోట డబ్బా మీద ఎంఆర్పీ స్టిక్కరు అచ్చు మసగ్గా ఉంది, బుష్ రబ్బరు గట్టిగా, పెళుసుగా ఉంది. ఎక్కువ చెప్పినచోటే కొన్నాను. బిల్లు అడిగితే ముఖం మాడ్చేవాడి దగ్గర సేఫ్టీ సామాను కొనకండి. సీటు కవర్లు ఎక్కడ కొన్నా ఒకటే.

ఫ్యాన్ బెల్టు, ప్లగ్గులు, వైపర్లు కూడా అప్పుడే తెచ్చుకున్నాను. ఈ ఇంజినుకు టైమింగ్ చైను కాబట్టి టైమింగ్ బెల్టు ఖర్చు లేదు. అలైన్‌మెంటు చేయించాక స్టీరింగు వదిలినా నిటారుగా పోతోంది.

ఆయుధపూజకు బేస్‌మెంటులో అందరి బండ్లతో పాటు మాదీ కడిగి పసుపు కుంకుమ పెట్టాం, నాలుగు నిమ్మకాయలు తొక్కించాం. బూడిద గుమ్మడికాయ దిష్టి తీసి పగలగొట్టాక ముక్కలు మాత్రం మేమే ఎత్తి పక్కన పడేశాం. మర్నాడు ఆ ముక్కల మీద జారి పడే బైకుల వాళ్లను బెంగళూరులో ఏటా చూస్తూనే ఉన్నాం.

అక్టోబర్, నవంబర్: కాగితాలు

ఇక్కడ అందరికీ ఉన్న అనుమానం: ఏపీ నంబరుతో బెంగళూరులో ఎన్నాళ్లు తిరగొచ్చు? మోటారు వాహనాల చట్టం 47వ సెక్షను ప్రకారం వేరే రాష్ట్రంలో పన్నెండు నెలలకు మించి ఉంచితే అక్కడి నంబరు తీసుకోవాలి. కర్ణాటక 2014లో 30 రోజులు దాటితే జీవితపన్ను కట్టాలని సవరణ తెచ్చింది, 2016లో హైకోర్టు దాన్ని కొట్టేసింది. అయినా ఆ 30 రోజుల మాట ఇప్పటికీ పార్కింగుల్లో తిరుగుతూనే ఉంటుంది. సెలవులకు వచ్చిపోయే బండి అయితే టోలు రసీదులు, ఫాస్టాగ్ స్టేట్‌మెంటు ఫోనులో ఉంచుకోండి, ఎప్పుడొచ్చారో అవే చెబుతాయి.

మాది ఆ కేసు కాదు. బండి ఇక్కడే ఉంటుంది, పైగా మామయ్య పేరు నుంచి నా పేరుకు మారాలి. డబ్బు చేతులు మారకపోయినా చట్టం దృష్టిలో అది బదిలీయే. ఇంట్లోవాళ్ల బండే కదా అని పేరు మార్చకుండా తిప్పేవాళ్లు ఒక్కటి ఆలోచించాలి: రేపు ఏదైనా యాక్సిడెంట్ అయితే నోటీసు వెళ్లేది అనంతపురంలో ఉన్న పెద్దాయనకు.

కర్ణాటకలో కొత్త కారుకు జీవితపన్ను ఐదు లక్షల లోపు 13 శాతం, పది లోపు 14, ఇరవై లోపు 17, ఆపైన 18, దాని మీద సెస్సు అదనం. పాతదానికి వయసును బట్టి తగ్గించి వేస్తారు. మాకు ముప్పై వేలు దాటింది. మా బావమరిది లెక్క వేరే: "2028కి ఆర్సీ పదిహేనేండ్లు అయిపోతాది. దాని కోసం ఇంత కట్టేది ఎందుకు బావా, అమ్మేసి ఇంకొంచెం వేసుకుని ఇక్కడిదే సెకండ్ హ్యాండ్ కొనరాదా?" మంచి ప్రశ్నే. కానీ 2028తో బండి చచ్చిపోదు. ఫిట్‌నెస్ చూపించి, 2025లో ఉన్న రేటు ప్రకారం 5,000 రూపాయల ఫీజు కట్టి, ఐదేళ్లకు రెన్యూవల్ చేసుకోవచ్చు. పైగా ఈ బండిలో రబ్బరూ ఆయిళ్లూ ఇప్పుడు కొత్తవి, ఇనుము దాదాపు కొత్తది. ఆ ధరకు బజార్లో కొనే బండి చరిత్ర నాకు తెలియదు, దీని చరిత్ర ఎలుకతో సహా తెలుసు. కట్టేశాను. ఇదే బండి లక్ష కిలోమీటర్లు తిరిగినదై ఉంటే బావమరిది మాటే వినేవాణ్ని.

కేఆర్ పురం ఆర్టీవోలో ఫారం 27, 30, 33, ఎన్ఓసీ, ఇన్సూరెన్సు, పొల్యూషను సర్టిఫికెట్టు, అడ్రసు రుజువు. ఏజెంటు లేకుండా అయ్యింది, కాకపోతే కౌంటర్ల మధ్య తిరిగే ఓపిక ఉండాలి. బండిని ఇన్‌స్పెక్టరు చూస్తాడు. చాసిస్ నంబరు మీద కాగితం పెట్టి పెన్సిలుతో రుద్ది అచ్చు తీసి అంటించాలి. మురికి పట్టి ఉంటే అంకెలు రావు, ముందురోజే కిరసనాయిలు గుడ్డతో తుడిచి పెట్టుకోండి. పొల్యూషను టెస్టులో కార్బన్ మోనాక్సైడ్ 0.3 శాతం లోపు ఉండాలి, మాది సులువుగా పాసైంది.

ఇన్సూరెన్సు దగ్గర చాలామందికి తెలియనిది ఒకటుంది. నో క్లెయిమ్ బోనస్ (క్లెయిమ్ చెయ్యనందుకు ప్రీమియంలో ఇచ్చే తగ్గింపు) బండిది కాదు, మనిషిది. మామయ్యకున్న 50 శాతం నాకు రాదు, పాలసీ నా పేరుకు మారినప్పుడు ఆ తేడా నేను కట్టాలి. ఆయన మాత్రం బోనసు లెటరు తీసి పెట్టుకుంటే మూడేళ్లలోపు ఇంకో కారు కొన్నప్పుడు వాడుకోవచ్చు. ఈ వయసు బండికి థర్డ్ పార్టీ ఒక్కటి చాలదా అని అడుగుతారు. 2022 సెప్టెంబర్లో బెళ్లందూరు వైపు బేస్‌మెంట్లు మునిగిన సంగతి గుర్తున్నవాణ్ని, మన బండి నష్టానికి డబ్బిచ్చే ఓన్ డ్యామేజీ కూడా తీసుకున్నాను. నీళ్లలో ఆగిపోయిన బండిని మళ్లీ స్టార్ట్ చేస్తే ఇంజిన్లోకి నీళ్లు లాగి కనెక్టింగ్ రాడ్లు వంగుతాయి. ఆ నష్టాన్ని చాలా పాలసీలు మన నిర్లక్ష్యం కింద రాసేస్తాయి. ఆగితే తోయించుకోవడమే.

కేఏ 53 నంబరు వచ్చాక హెచ్ఎస్ఆర్పీ (హై సెక్యూరిటీ నంబరు) ప్లేట్లు బిగించారు, అవి ఒకసారి లాక్ పడితే విరగ్గొడితే తప్ప రావు. ఫాస్టాగ్ పాత నంబరుది మూసేసి కొత్తది తీసుకున్నాను. 2025 ఆగస్టు 15న 3,000 రూపాయలకు మొదలైన టోలు వార్షిక పాసు, 200 ట్రిప్పులది, నాకు గిట్టుబాటా అని లెక్క వేశాను. నెలకోసారి అనంతపురం పోయొస్తే చాలు, గిడుతుంది. ఒకే ఒక్క మెలిక, పాసు బండి నంబరుకు కట్టుబడి ఉంటుంది. కాబట్టి నంబరు మారబోయేవాళ్లు కొత్త నంబరు వచ్చేదాకా దాన్ని కొనొద్దు.

డిసెంబర్, మిగిలిన పని

ఏసీ వేసి సిగ్నల్లో నిలబడితే స్టీరింగులో సన్నగా వణుకు వస్తోంది. ఎడమ ఇంజిన్ మౌంటు రబ్బరు దిగబడింది. ఒరిజినల్ వచ్చే వారం వస్తుందని జేసీ రోడ్డు షాపతను చెప్పాడు, డూప్లికేటు ఇవాళే ఇస్తానని కూడా చెప్పాడు. వారం ఆగుతాను. ఏపీలో కట్టిన లైఫ్ టాక్స్‌లో మిగిలిన భాగం వాపసుకు కొత్త ఆర్సీ కాపీ జతచేసి అనంతపురం ఆఫీసుకు అప్లికేషను పెట్టాలి. సంతకాలు మామయ్యవి కావాలి కాబట్టి అది సంక్రాంతికే. వెనక డోరు బీడింగు కూడా ఎండిపోయింది, వానాకాలంలోపు మారిస్తే సరిపోతుంది.